పాము విషము - శరీరపు కావలి

ఇప్పపూవు రాలు దినములలో భద్రాచలము అడవి పల్లెలందలి జనులు చీకటితోనే ఇల్లు విడిచి, చెట్ల క్రింద ఎండుటాకులలో చేతులు పెట్టి పూవు ఏరుకొందురు. ఆ పని ముగియునంతలో తునికాకు కోత వచ్చును. తొలకరి పడినదే తడవుగా దుక్కులు, నాట్లు. పిమ్మట ఖమ్మము వైపు ప్రత్తిచేలు, మిరపతోటలు. ఈ పనులన్నిటిలోను మనుష్యుని చేయియు కాలును నేలకు దగ్గరగానే యుండును. ఎలుకల కొరకును కప్పల కొరకును తిరుగాడు పాము కూడ ఆ నేలమీదనే యుండును. కావున చర్ల, దుమ్ముగూడెము, గుండాల, ములకలపల్లి వంటి మండలములలో పాముకాటు మాట వినని ఊరు ఉండదనుట అతిశయోక్తి కాదు.

మేము గ్రామములకు పోయినపుడు ఈ విషయము ప్రస్తావనకు వచ్చినచో తరచుగా ఒక ప్రశ్న ఎదురగుచున్నది. "ఒకసారి కాటు తిని బ్రతికినవానికి మరల విషమెక్కదందురు, నిజమేనా?" అని అడుగుదురు. మసూచికము ఒకసారి వచ్చినవారికి మరల రాదని పూర్వులు ఎరుగుదురు. టీకా వేయించిన బిడ్డను తట్టు సాధారణముగా అంటదని నేటి తల్లులు ఎరుగుదురు. పాము విషము విషయమునను అట్లే జరుగునని తలంచుట సహజమే. కాని ఆ తలంపు ప్రాణాపాయకరమైనది. ఎందుకు అట్లు జరుగదో గ్రహింపవలెనన్నచో, విషము లోనికి ప్రవేశించినపుడు మన శరీరములోని రక్షణ వ్యవస్థ ఏమి చేయునో, విషము ఆ వ్యవస్థనేమి చేయునో కొంత తెలిసికొనవలెను. పంచాయతీ సభ్యులకు ఇది వట్టి శాస్త్రచర్చ కాదు. ఆసుపత్రిలో ఏయే మందులుండవలెనో అడుగుటకును, మంత్రగాని గడపనుండి రోగిని మరలించుటకును ఈ జ్ఞానమే ఆధారమగును.

మొదట రెండు మూడు అంకెలు. 2000 నుండి 2019 వరకు గల ఇరువది సంవత్సరములలో మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సగటున 58,000 మంది మరణించిరని 2020లో ప్రకటింపబడిన ఒక పరిశీలన తేల్చినది. ఈ మరణములలో దాదాపు నూటికి 70 ఎనిమిది రాష్ట్రములలోనే సంభవించినవి. తెలంగాణముతో కూడిన నాటి ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. సగము మరణములు జూను, సెప్టెంబరు నెలల మధ్యనే జరిగినవి. అంతకు ముందు 2011లో వెలువడిన వేరొక పరిశీలనలో, మరణించినవారిలో నూటికి 97 మంది పల్లెవాసులనియు, నూటికి 77 మంది ఏ ఆసుపత్రికిని చేరకయే కన్నుమూసిరనియు తెలియవచ్చినది. ఈ చివరి అంకెను సభ్యులు మరొకసారి చదువవలెను. మందు లేనందున పోయిన ప్రాణములకంటె, మందు ఉన్న చోటికి చేరనందున పోయిన ప్రాణములే ఎక్కువ.

నాలుగు పాములు

మన ప్రాంతమున మనుష్యుల ప్రాణములు తీయు పాములు ముఖ్యముగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. వీని గూర్చిన శాస్త్రమునకు తెలుగుదేశముతో పాత సంబంధమున్నది. 1780 తరువాతి సంవత్సరములలో విశాఖపట్టణమున నివసించిన ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు, ఈస్టిండియా కంపెనీవారి కొలువులో నుండి, కోరమాండల్ తీరపు పాములను సేకరించి 1796లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. పామును పట్టి తెచ్చినవారు ఏ పేరు చెప్పిరో ఆ తెలుగు పేరునే ఆయన ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. రక్తపింజరికి ఆ గ్రంథమున ఉన్న పేరు "కాటుక రేకుల పొడ". దాని వీపు మీది మచ్చలను చూచినవారికి ఆ పేరులోని అందము తెలియును. నేడు ప్రపంచమంతట ఆ పాము రస్సెల్ గారి పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న "బంగారస్" అను పేరు కూడ మన "బంగారు" అను మాటయే. పేర్లు మనవి, పాములు మనవి. చావులును మనవే యగుట మాత్రము విచారకరము.

నాలుగింటి విషమును ఒకే తీరుగా పనిచేయదు. నాగుపాము, కట్లపాముల విషము నరములనుండి కండరములకు పోవు ఆజ్ఞను అడ్డగించును. కనురెప్పలు వాలును, మాట ముద్దయగును, తుదకు ఊపిరి ఆడదు. పింజరుల విషము రక్తమును గడ్డకట్టనీయదు, రక్తనాళముల గోడలను చెరచును. రక్తపింజరి కాటున మూత్రపిండములు కూడ చెడుట కద్దు. ఇంతవరకు చాలమందికి తెలిసినదే. తెలియవలసినది ఈ క్రింది విషయము.

లోపలి కావలి

గ్రామమునకు కావలికారులు ఉన్నట్లే శరీరమునకును ఉన్నారు. చర్మము ప్రహరి గోడ. దాని లోపల, ముఖ్యముగా చర్మము క్రిందను రక్తనాళముల ప్రక్కను, కొన్ని కణములు ఎప్పుడును కాచుకొనియుండును. క్రొత్త పదార్థము చొరబడిన వెంటనే అవి కేక పెట్టినట్లు కొన్ని రసములను విడుచును. ఆ కేకకు రక్తనాళములు సడలి, నీరు బయటికి ఊరి, తెల్ల రక్తకణములు అచటికి పరుగెత్తుకొని వచ్చును. మనము వాపు, ఎరుపు, వేడి, నొప్పి అనునవి ఈ సందడియే. రక్తములోనే కాంప్లిమెంటు అను మరియొక పదార్థముల గుంపు ఉన్నది. ఒకటి మరియొకదానిని లేపుచు, వచ్చిన శత్రువుకు రంధ్రములు పొడుచుట దాని పని. ఇవి తొలి వరుస.

రెండవ వరుస నెమ్మదియైనది, కాని తెలివియైనది. వచ్చినవాని పోలికను గుర్తించి, సరిగా వానికే తగులునట్టి ప్రతిరక్షకములను అది తయారుచేయును. తాళమునకు చెవి వలె ఒక్కొక్క ప్రతిరక్షకము ఒక్కొక్క శత్రువునకే సరిపోవును. తట్టు రాకుండ కాపాడునది ఈ రెండవ వరుసయే. అయితే మొదటిసారి వచ్చిన శత్రువునకు తగిన ప్రతిరక్షకములు చాలినన్ని తయారగుటకు ఒకటి రెండు వారములు పట్టును.

ఇప్పుడు ఈ ఊరిలోనికి పాము విషము వచ్చినది. విషమనగా ఒకే పదార్థము కాదు. పెక్కు మాంసకృత్తుల మిశ్రమము. పాము ఆహారమును పట్టుకొనుటకును జీర్ణము చేసికొనుటకును దానిని వాడుకొనును. పింజరి విషములోని కొన్ని మాంసకృత్తులు కణముల పైపొరను కత్తిరించును. కత్తిరింపబడిన పొరలోని క్రొవ్వునుండియే శరీరము వాపును, నొప్పిని కలిగించు రసములను తయారుచేయును. పగిలిన కణములలోని సామగ్రి బయటపడుటతో కావలికారులు మరింత బెదరి మరింత పెద్ద కేక పెట్టుదురు. తెల్ల కణములు గుంపులుగా వచ్చి చేరును. వచ్చినవి శత్రువునే గాక ప్రక్కనున్న మంచి కణజాలమును కూడ కొట్టును. దొంగను పట్టబోయి ఇంటిని తగులబెట్టిన చందమున, కాలు తొడ వరకు వాచుటకును మాంసము నల్లబడి కుళ్ళుటకును విషము ఎంత కారణమో, మన కావలి యొక్క ఈ వెర్రి ఆవేశము కూడ అంత కారణమగుట కలదు.

ఈ సందర్భమున మైసూరు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన విషయము గమనింపదగినది. తెల్ల కణములలో ఒక తెగ, శత్రువును పట్టుటకు తమ లోపలి దారమువంటి పదార్థమునే వలవలె విసరివేయును. చిన్న పింజరి విషము కాటుచోట ఈ వలలు విపరీతముగా పరచుకొనునట్లు చేయుననియు, ఆ వలలు సన్నని రక్తనాళములను పూడ్చి విషమును అచటనే బంధించుటచే అచటి కండ కుళ్ళుననియు వారు ఎలుకలలో కనుగొనిరి. బిగించి త్రాడు కట్టుటవలన కూడ జరుగునది ఇంచుమించుగా ఇదియే. విషమొకచోట నిలిచి కండను తినును. ఆపైన ఆ త్రాటిని ఎవరో విప్పినంతనే నిలిచిన విషమంతయు ఒక్కసారి గుండెవైపునకు పోవును. త్రాడు గట్టిగా కట్టి తెచ్చిన కాలు, విషముచే కాక ఆ కట్టుచేతనే చచ్చిపడిపోవుటయు కలదు.

నాగుపాము విషములో ఇంకొక వింత యున్నది. పైన చెప్పిన కాంప్లిమెంటు గుంపులోని ఒక ముఖ్యమైన పదార్థమును పోలియుండు మాంసకృత్తు ఆ విషములో కలదు. అది రక్తములో చేరి, శత్రువు లేకున్నను గుంపును ఊరక లేపుచునే యుండును; తుదకు ఆ గుంపు అంతయు ఖర్చయిపోవును. దొంగ కావలికాని వేషము వేసికొని వచ్చి, ఊరివారినందరిని వృథాగా పరుగెత్తించి అలయజేసినట్లున్నది. పాము విషము కలిసిన రక్తరసము సూక్ష్మజీవులను చంపు శక్తిని కోల్పోవుచున్నదని అమెరికాలో ఫ్లెక్స్‌నర్, నొగూచి అను శాస్త్రజ్ఞులు 1902లోనే గమనించిరి. ఇది ప్రయోగశాలలోని మాట. అయినను, చచ్చిన కండలో సూక్ష్మజీవులు సులభముగా పెరుగునన్నది ఆసుపత్రిలో కూడ కనబడు సత్యము. కాటును బ్లేడుతో కోసి, నోటితో పీల్చి, పేడయో పసరో పూసినచో, పోరాడలేని చోటికి సూక్ష్మజీవులను మనమే తీసికొనిపోయినట్లగును.

ఇక కట్లపాము. మా అభిప్రాయమున నాలుగింటిలో దీనిని గూర్చియే గ్రామసభలలో ఎక్కువ చెప్పవలసియున్నది. దీని విషము నరములపై పనిచేయును గాని కండను పెద్దగా చెరచదు. కణములు పగులవు గనుక కావలికారులు మేల్కొనరు. వాపు లేదు, నొప్పి లేదు, తరచు గాటు కూడ కనబడదు. రాత్రివేళ ఇంటిలోనికి వచ్చు ఈ పాము, నేలపై చాప పరచుకొని నిద్రించువానిని కరచిపోవును. ఆ మనిషి తెల్లవారుజామున కడుపునొప్పియని లేచును, వాంతి యగును, కన్నులు బరువెక్కుచున్నవనును. ఇంటివారు అజీర్ణమనుకొని వాము నీరిత్తురు. రెండు మూడు గంటలలో కనురెప్పలు లేవవు, గుటక పడదు. వర్షకాలమున నేలపై నిద్రించినవారికి తెల్లవారుజామున కారణము తెలియని కడుపునొప్పియు, కనురెప్పలు వాలుటయు కలిగినచో పాముకాటుగానే భావించి బయలుదేరవలెను. కాటు గుర్తుకొరకు వెదకుచు కూర్చుండరాదు.

ఒకసారి కాటు రక్షణ యగునా?

మొదటి ప్రశ్నకు మరల వత్తము. కాటు తిని బ్రతికినవాని రక్తములో ఆ విషమునకు కొన్ని ప్రతిరక్షకములు ఏర్పడుట నిజమే. అవి ఎందుకు చాలవు? ధనుర్వాతపు టీకాను ఉదాహరణగా తీసికొందము. ధనుర్వాతపు విషము అణుమాత్రము. అది గాయములో దినములతరబడి కొద్దికొద్దిగా ఊరును. ముందుగా నిలువయున్న ప్రతిరక్షకములు దానిని సులభముగా పట్టగలవు. పాము విషమట్లు కాదు. కోరగుండ ఒక్క క్షణములో మిల్లీగ్రాములకొలది లోనికి దిగును. పాత కాటువలన మిగిలిన కొద్ది ప్రతిరక్షకములు ఆ వరదకు గడ్డిపోచలు. జ్ఞాపకముగల కణములు మేల్కొని క్రొత్తవానిని తయారుచేయుటకు దినములు కావలెను. విషమునకు గంటలు చాలును. అదియును గాక, నాగుపాము కాటువలన పుట్టినవి రక్తపింజరి విషమునకు సరిపడవు. ఇంకను ఒక చిక్కున్నది. ఒకసారి విషమును రుచిచూచిన శరీరము కొందరిలో రెండవసారి దానియెడల వికటించి, ఒళ్ళంతయు దద్దురులెక్కి, ఊపిరాడక, రక్తపు పోటు పడిపోయి, విషమునకు ముందే ఆ వికటముచేతనే ప్రాణము మీదికి తెచ్చుకొనును. కాబట్టి రెండవ కాటు తేలిక యగుటకు బదులు కొందరికి మరింత ప్రమాదకరము కాగలదు.

ముంగిసను చూపి వాదించువారు కలరు. పాముతో పోరాడిన పిదప అది ఏదో వేరు తిని విషము దించుకొనునని మన పల్లెలలో నమ్మకము. ముంగిసకు వేరుతో పనిలేదు. నాగుపాము విషము నరముల చివర ఏ తాళమును మూయునో, ముంగిస శరీరములో ఆ తాళము ఆకారమే వేరుగానున్నది. విషము అందులో కుదురదు. అది పుట్టుకతో వచ్చినది, నేర్చుకొన్న రక్షణ కాదు, మనకు రాదు.

ఆకుపసరుల విషయమున ఒక్కమాట. ఈశ్వరి తీగను పాముకాటునకు మ్రింగించుట అలవాటుగా నున్నది. అందులోని ఆమ్లమొకటి మూత్రపిండములను చెరచునని ఇప్పుడు నిశ్చయముగా తెలిసినది. రక్తపింజరి కాటుతో మూత్రపిండములు ముందే దెబ్బతిన్న రోగికి అదే అవయవమును చెరచు పసరును పోయుట ఎట్టిదో సభ్యులే ఆలోచింపవలెను.

మరి మంత్రముతోను పసరుతోను బ్రతికినవారి సంగతియేమి? కరచు పాములలో చాలవరకు విషము లేనివే. విషమున్న పాము కూడ అప్పుడప్పుడు విషము వదలకయే కరచును. ఇట్టివారందరు ఏమి చేసినను బ్రతుకుదురు, ఏమియు చేయకున్నను బ్రతుకుదురు. మంత్రమునకు పేరు తెచ్చిపెట్టునది ఆ పామే. అయినను కోయగూడెములలో వడ్డెను గాని, ఇతర పల్లెలలో మంత్రగానిని గాని దూషించి ప్రయోజనము లేదని మా అనుభవము. జనులు మొదట పోవునది వారి యొద్దకే. పంచాయతీవారు వారిని పిలిచి మర్యాదగా కూర్చుండబెట్టి, "మీ పూజ మీరు చేయుడు, కాని రోగి బండి ఎక్కిన తరువాత చేయుడు" అని ఒప్పించుట మేలు. వారే బద్దకట్టి పంపించునట్లయిన, వారి మాటపై బయలుదేరువారు మన మాటపై బయలుదేరువారికంటె ఎక్కువమంది యుందురు.

అరువు తెచ్చుకొన్న రక్షణ

మన శరీరము ప్రతిరక్షకములను సకాలమున తయారుచేయలేదు గనుక, వేరొక శరీరము తయారుచేసినవానిని అరువు తెచ్చుకొనవలెను. విషవిరుగుడు మందు అనగా ఇదియే. 1890లో బేరింగ్, కిటసాటో అను శాస్త్రజ్ఞులు ధనుర్వాతము విషయమున ఈ మార్గమును చూపిరి. ఆ రోజులలోనే ఆల్బర్ట్ కాల్మెట్ అను ఫ్రెంచి వైద్యుడు నేటి వియత్నాంలోని సైగాను నగరమున పనిచేయుచుండెను. వానలకు ఒక గ్రామములోనికి నాగుపాములు కొట్టుకొనివచ్చి నలుబదిమందిని కరచినవి. వారిలో నలుగురు మరణించిరి. ఆ సంఘటన ఆయనను ఈ పరిశోధనకు పురికొల్పినది. 1894లో పారిస్‌లో ఆయనయు, వేరుగా ఫిసాలిక్స్, బెర్ట్రాండ్ అనువారును, విషమునకు అలవాటుపరచిన జంతువు రక్తరసము ఇతర జంతువును కాపాడునని నిరూపించిరి. గోదావరి పొంగినపుడు మన లంకలలోను ఏటిగట్టు ఊళ్ళలోను జరుగునది సైగాను కథయే. భద్రాచలము వద్ద 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నీరు వచ్చినపుడు, మనుష్యులకు మిగిలిన మెట్టనేల పాములకును మిగిలినది.

మందు తయారగు విధమిది. మద్రాసు సమీపమున ఇరుళ తెగవారు 1978లో స్థాపించుకొన్న సహకార సంఘము పాములను పట్టి, విషము తీసి, వానిని మరల విడుచును. ఆ విషమును అత్యల్ప మోతాదులో గుర్రమునకు ఎక్కించి, నెలలతరబడి క్రమముగా పెంచుదురు. గుర్రము రక్తములో ప్రతిరక్షకములు సమృద్ధిగా ఏర్పడిన పిమ్మట కొంత రక్తము తీసి, అందలి ప్రతిరక్షకములను శుద్ధిచేసి, ఎండబెట్టి సీసాలలో నింపుదురు. హైదరాబాదు కేంద్రముగాగల కర్మాగారము కూడ ఈ మందును తయారుచేయుచున్నది. మన దేశపు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషమునకును కలిపి చేసినది. కావున పామును చంపి తెచ్చుట అవసరము లేదు. చంపబోయి రెండవ మనిషి కాటు తినుటయు కలదు. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషమును, అంతే రక్తపింజరి విషమును, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషమును, అంతే చిన్న పింజరి విషమును విరుచును. పాము వదలు విషమును లెక్కించినచో ఒకటి రెండు సీసాలు ఎందుకు చాలవో తెలియును. విషమెక్కిన లక్షణములున్నవారికి సాధారణముగా పది సీసాలతో ప్రారంభింతురు. పిల్లవానికిని పెద్దవానికిని మోతాదు ఒకటియే. పాము పిల్లవాడని విషము తగ్గించి వదలదు గదా.

ఈ మందు రక్తములో తిరుగుచున్న విషమును పట్టును గాని, నరపు చివరను అప్పటికే చెరచిన కట్లపాము విషమును వెనుకకు తీయలేదు. అందుచేతనే ఆలస్యమైనవారికి మందు పడినను దినములతరబడి యంత్రముతో ఊపిరి పోయవలసివచ్చుచున్నది. దీనిలో ఇంకొక లోపమును దాచనక్కరలేదు. విషము ప్రాంతమును బట్టి మారునని బెంగుళూరులోని శాస్త్రజ్ఞుల పరిశోధనలు చూపినవి. దక్షిణపు పాముల విషముతో చేసిన మందు దేశమున అన్నిచోట్ల ఒకే బలముతో పనిచేయుట లేదు. అయినను నేటికి మనకున్న నమ్మదగిన మందు ఇదొక్కటే.

2025లో అమెరికాలో ఒక వార్త వెలువడినది. టిమ్ ఫ్రీడి అను వ్యక్తి పదునెనిమిది సంవత్సరములపాటు వందలసార్లు తన శరీరమునకు పాము విషమునెక్కించుకొనగా ఏర్పడిన ప్రతిరక్షకములతో, నాగుపాము, కట్లపాముల కుటుంబమునకు చెందిన పెక్కు పాముల విషమునుండి చుంచెలుకలను కాపాడగలిగిరి. పింజరులపై అది పనిచేయదు; మనుష్యులకు వాడు స్థితికి ఇంకను రాలేదు. ఆ వ్యక్తి కూడ ఒకప్పుడు నాగుపాము కాటులకు స్పృహ తప్పి చావు తప్పించుకొన్నవాడే. ఈ వార్త విని మన యువకులెవరైనను ప్రయోగము తలపెట్టకుండ చూడవలెను.

మందుయెడల శరీరము తిరుగబడినచో

గుర్రపు మాంసకృత్తు మన శరీరమునకు పరాయిది. విషముతో బెదరియున్న కావలికారులు ఈ స్నేహితుని కూడ శత్రువనుకొనుట కలదు. మందు ఎక్కించుచుండగనే కొందరికి దురద, దద్దురు, వణకు, ఆయాసము కలుగును. కొందరిలో రక్తపు పోటు పడిపోవును. దీనికి విరుగుడు ఎడ్రినలిన్ ఇంజక్షను. దాని వెల స్వల్పము. అది సకాలమున పడినచో ఎక్కువమంది తేరుకొందురు, పిదప విషవిరుగుడు మందును మరల కొనసాగింతురు. ముందుగా చర్మముపై చుక్క వేసి పరీక్షించుట వలన ఎవరికి వికటించునో తెలియదు గనుక ఆ పద్ధతిని వదలివేసిరి. ఐదు నుండి పదునాలుగు దినముల నడుమ కొందరికి జ్వరము, కీళ్ళనొప్పులు, దురద వచ్చును. అది విషము తిరుగబెట్టుట కాదు. రెండవ వరుస కావలి గుర్రపు మాంసకృత్తును ఆలస్యముగా గుర్తించుట. భయపడక వైద్యుని చూడవలెను.

ఈ వికటమునకు జంకియే చిన్న ఆసుపత్రులలో కొన్నిచోట్ల మందు ఉన్నను ఎక్కించక "పెద్దాసుపత్రికి తీసికొనిపొండు" అనుట జరుగుచున్నది. చర్ల నుండి భద్రాచలము సుమారు 60 కిలోమీటర్లు. భద్రాచలము నుండి ఖమ్మము సుమారు 120. ఆ దారిలో పోవు కాలము విషమునకు దొరకిన కాలము. సభ్యులు తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు మే నెలలోనే పోయి వైద్యాధికారిని మర్యాదగా అడుగవలసిన ప్రశ్నలు ఇందునుండియే పుట్టును. విషవిరుగుడు మందు ఎన్ని సీసాలున్నవి, వాని గడువు ఎప్పటివరకు? ఎడ్రినలిన్ ఉన్నదా? రాత్రివేళ ఎక్కించువారెవరు? రక్తము గడ్డకట్టుటను చూచుటకు శుభ్రమైన పొడి గాజు గొట్టమున్నదా? రెండు మిల్లీలీటర్ల రక్తమును అట్టి గొట్టములో పోసి ఇరువది నిమిషములు కదల్చక ఉంచి, వంచి చూచినచో చాలును. గడ్డకట్టనిచో పింజరి విషమెక్కినదని తెలియును. కరెంటుతో గాని యంత్రముతో గాని పని లేని పరీక్ష ఇది.

ఊరిలో చేయవలసినది కొద్దియే. కాటు పడినవానిని నడువనీయక, కరచిన కాలునో చేతినో బద్దలతో కదలకుండ వదులుగా కట్టవలెను. వాపు రాకముందే ఉంగరములు, కడియములు, మెట్టెలు తీయవలెను. వాచిన పిదప అవియే త్రాళ్ళగును. కోత, వాత, పీల్చుట పనికిరావు. 108 బండికి కబురు చేయవలెను. అది రాలేని చోట మోటారు సైకిలుపై ఇరువురి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోవచ్చును. ఊపిరి ఆగుచున్నచో నోటితో ఊపిరి ఊదుచునే పోవలెను. ఊపిరి అందుచున్నంతకాలము నరపు విషమెక్కినవాడు బ్రతుకును. ముందుజాగ్రత్తగా రాత్రి టార్చి, పొలమునకు చెప్పులు లేక బూట్లు, మంచముపై నిద్ర, నేలపై పడుకొనక తప్పనిచో పరుపు క్రిందికి అంచులు మడచిన దోమతెర - ఇవి చాలును. గాదెల చుట్టు ఎలుకలను తగ్గించుట, బోరింగు దారిలోను బడిదారిలోను వీధిదీపములు వెలుగునట్లు చూచుట పంచాయతీ పనియే.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గించుటకు జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. ఆ సంవత్సరము నవంబరులో, ప్రతి పాముకాటును తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చవలసినదిగా రాష్ట్రములను కోరినది. లెక్కకు రాని కాటునకు మందు సీసా రాదు. కావున ఊరిలో జరిగిన ప్రతి కాటును, బ్రతికినను మరణించినను, ఆశా కార్యకర్తకు చెప్పి వ్రాయించుట సభ్యులు అలవాటు చేసికొనవలెను.

సరిహద్దు గ్రామముల వారికి వేరుగా ఒకటి చెప్పవలసియున్నది. 1959లో ఖమ్మము జిల్లాలో చేరిన భద్రాచలము ప్రాంతమునుండి కొన్ని మండలములు 2014లో ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయినవి. మిగిలినదానిలో కొంత భాగము 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఆవలివైపు ఛత్తీస్‌గఢ్. రోగి ఏ రాష్ట్రమువాడని చూడక, దగ్గరగానున్న మందుగల ఆసుపత్రికే పోవలెను. ఆ ఆసుపత్రి ఏదో వానలకు ముందే గ్రామసభలో తేల్చుకొని, దాని ఫోను నంబరును బడి గోడమీదను పంచాయతీ కార్యాలయపు గోడమీదను వ్రాయింపవలెను. దారిలోని వాగు పొంగిన దినమున రోగిని ఎచట దాటించవలెనో, నాటుపడవ ఎవరి యొద్దనున్నదో, ఆవలి ఒడ్డున బండి పట్టుకొని నిలుచువారెవరో కూడ ఆ సభలోనే పేర్లతో నిర్ణయించి మినిట్సు పుస్తకములో వ్రాసికొనవలెను.